రాతి మీద మాస్టారు

రాళ్ల మీద పేర్లు చెక్కే ఆయనకు ముప్ఫై ఏళ్లలో ఎవరూ ఇలాంటి పని అప్పజెప్పలేదు. చనిపోయిన బడి మాస్టారు తన సమాధి రాయికి తానే చీటీ రాసి పెట్టుకున్నారు. పేరు, కింద ఒకే ఒక్క మాట. ఆ మాట గ్రీకుది: పైదెయుతేస్. పక్కనే సన్నటి అక్షరాలతో 'తెలుగులో చెక్కించండి' అని ఉంది. తెలుగులో ఏ మాటో మాత్రం రాయలేదు. రిటైరయ్యాక పాస్టరుగారి దగ్గర కూర్చుని గ్రీకు నేర్చుకున్న మనిషి ఆయన.

చీటీ పట్టుకుని మాస్టారి కూతురు, కొడుకు, వాళ్లతో పాస్టరుగారు చెక్కే ఆయన షెడ్డుకు వచ్చారు.

"బైబిల్లో ఒక ఉత్తరంలో ఈ మాటకు తెలియనివాళ్లకు నేర్పేవాడని అర్థం వస్తుంది. ఇంకో ఉత్తరంలో పిల్లల్ని దండించే తండ్రులకు వాడారు," అన్నారు పాస్టరుగారు. "రెండూ ఒకటే మాట."

"అయితే బోధకుడు అని చెక్కండి," అన్నాడు కొడుకు.

"దండించినవాడు అని చెక్కండి," అంది కూతురు. "నా వేళ్ల కణుపులకు తెలుసు ఆయన ఏం చేశారో."

"అక్కా, రాయి మీదా పోట్లాటేనా?"

"నేను పోట్లాడట్లేదురా. ఉన్నమాట చెప్తున్నా."

కొడుకు చెక్కే ఆయన వైపు తిరిగాడు. "మీరూ నాన్నగారి దగ్గర చదివారు కదా. మీరే చెప్పండి."

చెక్కే ఆయనకు తన చిన్నతనం గుర్తొచ్చింది. మూడో తరగతిలో అక్షరాలు వంకరగా రాసినందుకు మాస్టారు స్కేలుతో కొట్టిన దెబ్బలకు అరచేయి వాచిపోయి, రెండు రోజులు అన్నం ముద్ద పట్టుకోలేకపోయాడు. అదే ఏడు తట్టు పోసి నెల్లాళ్లు మంచం పడితే, అదే మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, బొగ్గుతో నేల మీద అక్షరాలు దిద్దించారు. ఇందులో ఏ మాస్టారిని రాయి మీద పెట్టాలి?

"రెండు రోజులు టైమివ్వండి బాబూ," అన్నాడు.

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూనే అడిగింది, "దెబ్బలకు వచ్చాయా నీకు అక్షరాలు, బకెట్టు మీద కూర్చున్నందుకు వచ్చాయా?"

"అదే తెలియట్లేదే."

"నీకే తెలియకపోతే రాయికేం తెలుస్తుంది?"

మర్నాడు పొద్దున్నే మాస్టారి కూతురు ఒక్కతే వచ్చింది. "తమ్ముడు చెప్పినట్టే బోధకుడు అని కానివ్వండి. అమ్మ ఉంటే అదే అనేది," అని వెళ్లిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో కొడుకు ఫోను. "అక్క మాటే చెక్కండి. అన్ని దెబ్బలూ తిన్నది తనే. నన్నాయన ఒక్కసారీ కొట్టలేదు." చివరి మాట దగ్గర ఆ గొంతులో వినిపించింది గర్వమో, లోటో చెక్కే ఆయనకు అంతుపట్టలేదు.

ఫోను పెట్టేసి రాయి ముందు చతికిలబడ్డాడు. నిన్న ఒక్కటే చిక్కు, ఇవాళ అది రెండయింది. సుద్దముక్కతో శిక్ష అని రాశాడు. పక్కన ణ చేరిస్తే శిక్షణ అయింది. తుడిస్తే మళ్లీ శిక్ష. రాస్తూ తుడుస్తూ మధ్యాహ్నం దాకా గడిపాడు. ఆఖరికి ఎవరినీ అడగకుండా 'శిక్షకుడు' అని చెక్కేశాడు. అది తెలివా, తప్పించుకోవడమా అన్నది ఆయనకే తెలియలేదు.

రాయి నిలబెట్టిన రోజు కూతురు వేలితో అక్షరాలన్నీ తడిమింది. "తమ్ముడి మాటే నిలబెట్టారు, మంచిపని చేశారు," అంది. ఆవిడ అటు వెళ్లగానే కొడుకు దగ్గరికొచ్చి, "అక్క కోరినట్టే చేశారు, సంతోషం," అన్నాడు.

పాస్టరుగారు ఇద్దరి మాటలూ విన్నారు. ఆయనకు నవ్వు వచ్చినట్టే ఉంది గాని నవ్వలేదు. "ఇంతకీ మీరు ఏ అర్థంతో చెక్కారు?" అని మెల్లగా అడిగారు.

చెక్కే ఆయన ఆ మాట వంక చూశాడు.

"చెక్కుతున్నంతసేపూ చేతికి తెలిసినట్టే ఉందండీ," అన్నాడు. "ఇప్పుడు మీరడిగితే చెప్పలేకపోతున్నా."