చిలమన వెనుక చప్పట్లు

నిజాం రోజుల్లో రాజమండ్రి నుంచి గులాబీ అంటుమొక్కలు తీసుకుని హైదరాబాదు పాతబస్తీకి వెళ్లాను. హుస్సేనీ ఆలంలో ఒక పెద్ద దేవిడీ భవనం వెనక కొత్త తోట వేస్తున్నారు. తోటమాలి ఖాదర్ భాయ్ గూటాలు పాతి, వాటికి తాళ్లు కట్టి, సున్నంతో గీతలు గీస్తున్నాడు. ఎనిమిది మూలల నక్షత్రమట. నా కంటికి ఇంటి వైపు మూలలు కురచగా, అవతలి గోడ వైపు మూలలు సాగదీసినట్టు కనిపించాయి. నా అంట్లు వీళ్ల పాలపడి పాడవుతాయనిపించింది.

పైగా ఆ చప్పట్లొకటి. మేడమీద కిటికీకి వేలాడే చిలమన అనే వెదురు తెర వెనక ఎవరో చప్పట్లు కొట్టగానే ఖాదర్ ఒక గూటం పీకి పక్కకు జరిపేవాడు. ఇదేం సైగల వ్యవహారమో! పరాయి ఊరి వాణ్ణి, నన్నెందులో ఇరికిస్తారోనని తలెత్తి చూశాను.

"మీదికి చూడకు అన్నా!" అని కసిరాడు ఖాదర్.

"పైన ఎవరండీ?"

"బేగం సాబ్. తోట నక్షా అంతా ఆమె గీసిందే."

"మరి వంకరగా ఉందేం?"

"కింద నిలబడితే గట్లనే కానొస్తది. ఖిడ్కీలకెళ్లి చూస్తే మస్తుగుంటదంట. ఆడోళ్లు కిందికి రారు గద, గీ తోట వాళ్ల కోసమే."

"మీరు చూశారా?"

"ఏందన్నా గట్లంటవ్? జనానాల మొగోణ్ణి రానిస్తరా?"

అతని మాట నమ్మబుద్ధి కాలేదు. అయినా అంట్లు నాటడం మొదలుపెట్టాను. చివరిది నాటుతుండగా పైనుంచి చప్పట్లు వినిపించాయి. ఖాదర్ నావైపు చూశాడు. తల ఎత్తకుండానే మొక్కను జానెడు పక్కకు జరిపాను.

అది నక్షత్రమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.