మూడు కొంగలు

పోయిన వారం తార్నాకలో పళ్ళ డాక్టరు నా దవడ పంటిలో లవంగ నూనె దూది పెట్టగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి కంగారుపడి, "ఆంటీ, మస్తు నొప్పి ఉన్నదా?" అని అడిగింది. నొప్పి కాదమ్మా, వాసన అని చెబుదామంటే నోట్లో దూది. తల అడ్డంగా ఊపాను. ఆమె నమ్మలేదు. ఈ వయసులో మనం ఏం చెప్పినా పిల్లలు నమ్మరు, అది వేరే విషయం. ఆ వాసన ఎల్లయ్య సారు గది వాసన. బురదతో చేసుకున్న రంగులకు బూజు పట్టకుండా సీసాకు నాలుగు చుక్కలు లవంగ నూనె వేసేవారాయన. మెట్లు ఎక్కుతుండగానే ముక్కుకు తగిలేది.

ఎల్లయ్య సారు యూనివర్సిటీ భూగోళశాస్త్ర విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్. అంటే ప్రొఫెసర్లు రాసే పుస్తకాలకూ పరిశోధనలకూ మ్యాపులు సిరాతో గీసే ఉద్యోగం. నేను ఆయన చేతి కింద, మ్యాపులను పల్చటి కాగితం మీదికి దించే ట్రేసరుగా చేరాను. మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు, మెట్టుగూడ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. చేరిన మొదటి రోజు నేను గీసిన నది అంతా వణికిపోయింది. సారు చూసి కోప్పడలేదు. "ఊపిరి బిగవట్టకు సుగుణా. మెల్లగ ఇడుస్తూ గీయి. గీత సక్కగొస్తది," అన్నారు. ఆ ఒక్క మాటతో ఇరవై ఏళ్ళు చేత్తో మ్యాపులు గీశాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మా ఊపిరితో ఎవరికీ పని లేకపోయింది.

సారు వాళ్ళది జొన్నలు పండించే కుటుంబం. ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా సారు సముద్రం చూడలేదు. అప్పటికే దేశం తీరమంతా ఎన్నిసార్లు సిరాతో గీశారో ఆయనకే గుర్తు లేదు. అలాంటి మనిషిని ఒకసారి విభాగం వాళ్ళు సర్వే పనికి కాకినాడ అవతల, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవులకు తీసుకెళ్ళారు. మోకాళ్ళ లోతు బురద, ఆ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, రోజుకు రెండుసార్లు వచ్చిపోయే నీళ్ళు. ఆ సంగతి చెప్పేటప్పుడు సారు చేతిలో టీ చల్లారిపోయేది. "పొద్దుగాల గట్టు అని గీసిన జాగ పగటీలికి నీళ్ళల్ల మునిగింది. సార్, ఇందుల తీరం ఏదని ప్రొఫెసర్ సారుని అడిగిన. ఏదో ఒకటి గీసెయ్యవయ్యా అన్నడు. ఏదో ఒకటి గీసుకుంటనే బతికినం బిడ్డా," అనేవారు.

అప్పటి నుంచి ఆయన ఆ ఒక్క చోటునే బొమ్మలుగా వేశారు. వేరే ఏదీ వెయ్యలేదు. పెళ్ళి చేసుకోలేదు. తార్నాకలో ఒక మేడ మీద గది. దాని కిటికీలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకులు, కేబులు వైర్లు, ఎదురింటి వాళ్ళు ఆరేసిన బట్టలు. ఆ కిటికీ ముందు కూర్చుని మడ అడవి వేసేవారు. ప్రతి దసరా సెలవులకూ పది రోజులు అక్కడికి వెళ్ళేవారు, కుంచె మాత్రం తీసుకెళ్ళేవారు కాదు. ఉత్తగా కూర్చుని చూసి, వచ్చేటప్పుడు ఊరగాయ సీసాలో అక్కడి బురద తెచ్చుకునేవారు. దాన్ని పల్చటి గుడ్డతో వడగట్టి, తుమ్మ బంక కలిపి, లవంగ నూనె చుక్కలు వేస్తే రంగు తయారు. కాగితాలు కూడా ఆఫీసులో పాడై పారేసిన మ్యాపు షీట్లే. ఆయన బొమ్మ ఏది తిప్పి చూసినా వెనక ఎక్కడో పొరపాటు పడ్డ జిల్లా ఒకటి ఉంటుంది.

ఆదివారం చర్చి అయ్యాక నేను ఆ గదికి వెళ్ళేదాన్ని. బురద వడగట్టడం నా పని. ఒకరోజు సారు పాల కోసం కిందికి వెళ్ళారు. బల్ల మీద బురద పూత పూసిన పెద్ద షీటు ఆరుతోంది. ఎక్కడా పెన్సిలు గుర్తు లేదు. పాపం మరిచిపోయారేమో, సాయం చేద్దామని నేను స్కేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీశాను. నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత. చక్కగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

సారు వచ్చి చాలాసేపు దాన్ని చూశారు. "ఏందిది?"

"హొరైజన్ సార్. వంకర పోతదేమోనని..."

ఆయన పాల గిన్నె కింద పెట్టి పకపకా నవ్వారు. "పొద్దంతా ఆఫీసుల గీతలే గీస్తిమి గద. ఇంటికొచ్చినంక గూడ గీతనేనా? గాడ నీళ్ళేడ అయిపోతయో, మొగులేడ షురూ అయితదో ఎవ్వనికీ తెల్వది బిడ్డా. గందుకే గద నేను పోయేది." ఆ షీటును తడిపి నా గీతను చేత్తోనే చెరిపేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఆ గదిలో స్కేలు ముట్టుకోలేదు.

ఆయన రిటైరయ్యాక కొన్నేళ్ళకు కళ్ళ జబ్బు మొదలైంది. నీటికాసులని డాక్టరు చెప్పాడు. ఎదురుగా కనిపిస్తుంది కానీ పక్కలు నెమ్మదిగా పోతాయి. "గొట్టంల నుంచి చూసినట్టున్నది. సముద్రం గొట్టంల పట్టదు గద," అన్నారు. ఒంటరిగా రైలెక్కే ధైర్యం పోయింది. అప్పుడు నన్ను మొదటిసారి ఒకటి అడిగారు. "ఒక్కసారి తీస్కపో బిడ్డా. ఇంకో పెద్ద బొమ్మ ఉన్నది మనసుల. పూరాగా పోకముందే చూసొస్తే ఏస్త."

"దసరాకు పోదాం సార్," అన్నాను. నిజంగానే అన్నాను. ఆ దసరాకు మా అత్తగారు ఆస్పత్రిలో పడ్డారు. మరుసటి దసరాకు మమ్మల్నందరినీ కంప్యూటరు మ్యాపుల ట్రైనింగులో కూర్చోబెట్టారు, నేర్చుకోకపోతే మూలన కూర్చోవలసిందేనన్నారు. ఇవి సాకులు కావు, జరిగినవే. కానీ నాలుగు రోజులు తీయాలనుకుంటే తీయలేనా? తీయగలను. అలసిపోయి ఉన్నాను, అంతే. ఇల్లు, ఆఫీసు, మల్కాజ్‌గిరి రైలు, మళ్ళీ ఇల్లు. సారు ఎక్కడికి పోతారులే అనుకున్నాను. సారు ఎక్కడికీ పోలేదు, చూపే పోయింది. మూడో ఏడు వచ్చేసరికి ఆయనకు వెలుగూ చీకటీ మాత్రమే తెలిసేవి.

"నువ్వన్న పోయి చూసి చెప్పు," అని ఖాళీ సీసా నా చేతిలో పెట్టారు. ఆ దసరాకు మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్ళాను. సారు చెప్పిన గుర్తుల ప్రకారం రేవు దాకా వెళ్ళి చూస్తే అక్కడ మడ అడవి లేదు. రొయ్యల చెరువులున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, నలుచదరంగా, కట్టలు పోసి. నీళ్ళను చిలుకుతూ చక్రాలు తిరుగుతున్నాయి. చేపల బుట్ట దించుకుని కూర్చున్న ఒకామెను అడిగాను.

"మడా? ఇక్కడెక్కడుందండీ ఇప్పుడు! పడవేసుకుని లోపలికెళ్తే ఉందండి. ఇదంతా కొట్టేసి తవ్వేసేరు."

"ఎన్నాళ్ళయింది?"

"నిరుటికి ముందు ఏడు, దసరా ఎల్లిన నెలకండి. రెండేళ్ళవుతుందండీ."

రెండేళ్ళు. అంటే సారు అడిగిన మొదటి దసరాకు చెట్లు ఉన్నాయి. నేను కట్ట మీదే కూలబడ్డాను. మా ఆయన ఎండదెబ్బ అనుకుని నీళ్ళు తాగించాడు.

తార్నాకకు తిరిగొచ్చి ఆ గది మెట్లు ఎక్కేటప్పుడే అబద్ధం చెప్పాలని నిశ్చయించుకున్నాను. కళ్ళు లేని మనిషికి ఉన్న ఒక్క చోటునూ ఎలా తీసేయను? కట్ట పక్కన నింపుకొచ్చిన బురద సీసా చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టాను. వేళ్ళ మధ్య నీళ్ళు ఎక్కుతున్నాయన్నాను. ఆకాశం బూడిదరంగులో ఉందన్నాను. ఎడమ వైపు బురదలో మూడు కొంగలు నిలబడ్డాయన్నాను.

సారు సీసా మూత తిప్పడం ఆపారు. "మూడు కొంగలా?"

"అవును సార్. మూడు."

"గా కొంగలు నేను పెట్టినయి బిడ్డా. షీటు మీద సిరా మరకలు పడితే కనవడకుండ పెట్టిన. మంచిగనిపించి అన్నిట్ల పెట్టుకుంట వచ్చిన. గాడ ఎన్నడూ లేవు." సీసా పక్కన పెట్టారు. "నువ్వు నాకు నా బొమ్మలే చెప్తున్నవ్. గాడ ఉన్నది చెప్పు."

చెప్పాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. చెరువులు, చక్రాలు, కట్టలు. సారు తల వంచుకుని విన్నారు. చివరికి అడిగారు, "కట్టలు సక్కగున్నయా?"

"స్కేలు పెట్టి గీసినట్టున్నయి సార్."

"అట్లయితే స్కేలు తే."

నేను తెచ్చిన బురదనే కలిపించి, పెద్ద షీటు మీద అరచేత్తో తడుముకుంటూ ఆయనే పూశారు. అది ఆరాక, "ఇగ గీయి," అన్నారు.

"నేనా సార్?"

"చూసొచ్చింది నువ్వే గద. ఊపిరి బిగవట్టకు."

ఆయన చెరిపేసిన గీత దగ్గర మొదలైన నా చదువు అలా పూర్తయింది. ఒక్కొక్క కట్టా గీశాను. స్కేలు జరిపిన చప్పుడు వినిపించినప్పుడల్లా ఆయన తల ఊపేవారు. ఆఖరి గీత అయ్యాక చాలా మామూలుగా అడిగారు, "ఎప్పుడు తవ్విండ్రట?"

ఉన్నది చెప్పమన్న మనిషి ముందు కూర్చుని, "అడగలేదు సార్," అన్నాను.

ఆయన ముఖం నా వైపు తిప్పారు. ఆ కళ్ళు నన్ను చూడలేవని తెలిసినా తల దించుకున్నాను. "మంచిగైంది, అడగకపోవుడే మంచిగైంది," అని చెయ్యి చాపి నా తల ఎక్కడుందో వెతుక్కుని నిమిరారు. పై వానాకాలంలో పోయారు.

ఆ బొమ్మ మా ఇంట్లో ఉంది. వచ్చినవాళ్ళు ఏదో మ్యాపు అనుకుంటారు, నేనూ కాదనను. ఆఫీసులో ఇప్పుడు ఉపగ్రహం తీసిన ఫొటోల మీద తీరం గీస్తాను. ఏడాదికేడాది ఫొటోలు వరసగా ఉంటాయి. ఆ రేవు దగ్గర చెట్లు ఆకుపచ్చగా కనిపించే చివరి ఫొటో ఏ దసరాదో వెతకకుండానే తెలుసు. దాన్ని తెరవను.

ఆ రోజు డాక్టరమ్మ దూది తీసి మళ్ళీ అడిగింది, "ఆంటీ, ఎన్ని దినాల సంది నొస్తున్నది? ముందుగాల్నే రావద్దా?"

రావలసింది, అన్నాను.