దూదిలో పెట్టిన బిళ్లలు

నా మిత్రుడు వసారాలో కూర్చుని చిన్న రోట్లో ఐరన్ ఆక్సైడ్ నూరుతుంటే వాళ్లమ్మ ఊరుకునేది కాదు. "డబ్బాడు కారం ఇంట్లో ఉంది కదరా, మళ్లీ ఎందుకు నూరడం?" అనేది. రంగు చూస్తే ఆమె మాటే నిజమనిపించేది.

పంతొమ్మిదివందల అరవైల్లో మేమిద్దరం గుంటూరులో ఒకే కాలేజీలో పనిచేసేవాళ్లం. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, వాడు రసాయన శాస్త్రం. డాక్టరేటు కోసం వాడు పట్టుకున్నది ఆ ఎర్రపొడిని. అదొక ఉత్ప్రేరకం. వేడిచేసి దాని మీదుగా ఆల్కహాల్ ఆవిరి పంపితే ఆవిరి వేరే పదార్థంగా మారుతుంది, పొడి పొడిగానే మిగులుతుంది.

"సంబంధాలు కుదిర్చే మధ్యవర్తన్నమాట" అన్నాను.

"ఆ మధ్యవర్తి మధ్యలో పిల్ల చెయ్యి పట్టుకున్నాడని నా అనుమానంరా. అంటే ఆల్కహాల్ కాసేపు పొడికే అతుక్కుంటుందని. రుజువు కావాలి."

రుజువు వాల్తేరులో ఉంది. పొడిని పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుతో కలిపి బిళ్లగా నొక్కి, అందులోంచి పరారుణ కిరణాలు పంపే యంత్రం అక్కడి ప్రయోగశాలలో ఉండేది. బిళ్లలో ఏ అణువులున్నాయో కాగితం మీద గీత వంపులు తిరిగి చెబుతుంది. వాడికి ఒక్క రోజు ఇచ్చారు. అది తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

ఆ ఉప్పుకి తేమ పడదు. కళ్లంలో మిరపకాయలు పోసిన రైతులా వాడు మబ్బు కనిపిస్తే చాలు వణికేవాడు. రెండు బిళ్లలు చేశాడు. ఒకటి ఆల్కహాల్ తగిలిన పొడితో, రెండోది తగలని పొడితో. సీసాలో సర్దేముందు, మందుల షాపులో దూది కొనుక్కురానా అని అడిగాను.

"మా చేలో పత్తి ఉండగా దూది కొంటార్రా ఎవరన్నా? ఆ షాపు దూదిని ఎన్ని చేతులు ముట్టాయో" అన్నాడు. జిన్నింగు మిల్లులో గింజ తీయించిన సొంత పత్తిలో బిళ్లల్ని పసిపిల్లల్లా పడుకోబెట్టాడు.

వాల్తేరులో మా మేనత్త ఉండేది. ఆ వంకతో నేనూ వెళ్లాను. మొదటి బిళ్లకి గీత వాడు ఆశించిన చోటే కిందికి దిగింది. వాడు నా భుజం గట్టిగా నొక్కాడు. యంత్రం నడిపే ఆయన కాగితం చేతికిచ్చి, "సరిపోయినట్టేనాండీ?" అన్నాడు. సరిపోయిందని వచ్చేయవచ్చు. వాడు రెండో బిళ్ల అందించాడు.

గీత మళ్లీ అక్కడే, అంతే లోతుకి దిగింది. ఆల్కహాల్ ముఖమే చూడని పొడి అది.

అక్కడి ప్రొఫెసరు గారు సీసాలోంచి పత్తి లాగి వేళ్ల మధ్య నలిపారు.

"ఇదెక్కడిదయ్యా?"

"మా చేనుదండీ."

"శుద్ధి చేయని పత్తికి మైనం ఉంటుంది. గింజ చిట్లితే నూనె కూడానూ. నీ బిళ్లలకి పట్టింది అది. దాని గీత కూడా ఆల్కహాల్ చోటే దిగుతుంది."

మావాడు ఆ పత్తి వంక, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన సొంత కొడుకుని చూసినట్టు చూశాడు.

మిగిలిన పొడి వేరే గాజు సీసాల్లో ఉంది. అదృష్టానికి వాన లేదు. అక్కడే మళ్లీ బిళ్లలు నొక్కి, సాయంత్రం దాకా బతిమాలి, చివరి వంతు సంపాదించాడు. ఆల్కహాల్ తగలని పొడికి గీత తిన్నగా పోయింది. తగిలినదానికి వంపు వచ్చింది, గోటి అంచంత. ప్రొఫెసరు గారు దాని కింద పెన్సిలుతో గుర్తుపెట్టి, "ఇది నీది. ఇందాకటిది మీ పత్తిది" అన్నారు.

ఆ గోటి అంచుతోనే వాడు డాక్టరయ్యాడు. తర్వాత ఎన్నో ఏళ్లు, వాడు ఏది గొప్పగా చెప్పినా, "ఇది నీదా, పత్తిదా?" అని అడిగేవాణ్ణి. వాడు కోప్పడేవాడు కాదు. కాస్త ఆలోచించి జవాబు చెప్పేవాడు.

పోయిన వేసవిలో వాడు పోయాడు. స్నానం చేయించాక ముక్కుల్లో పెట్టడానికి దూది కావాలంటే, వాళ్లబ్బాయి దీపం వత్తులకని ఉంచిన ఇంటి పత్తి గుప్పెడు తెచ్చాడు. నేను అతణ్ణి ఆగమని చెప్పి మందుల షాపుకి వెళ్లాను. శుద్ధి చేసిన దూది అడిగి తెచ్చాను.