కుట్టు ముచ్చట్ల గాయత్రి

ప్రొద్దుటూరులో ఉత్త గాయత్రి అంటే ఎవరికీ తెలియదు. కుట్టు ముచ్చట్ల గాయత్రి అంటే మాత్రం ఆడవాళ్లకు ఇట్టే తెలిసేది. ఎప్పటి సంగతో కాదు, పోయిన ఏడాది మాట. ఇప్పుడు ఆ పేరెత్తితే మాట మారుస్తారు.

గాయత్రి జాకెట్లు కుడుతుంది. భర్త శివ కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. లాక్‌డౌన్ రోజుల్లో జాకెట్లు తెచ్చిచ్చేవాళ్లు లేక మిషన్ మూలనపడితే, తెలిసిన కుట్టుపని వాళ్లను పోగేసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. దానికి కుట్టు ముచ్చట్లు అని పేరు. "అక్కా, చేతి కింద పట్టేస్తాంది, ఏం చేయాల?" అని ఒకామె అడిగితే, "చంక దగ్గర గుడ్డ వదిలి కుట్టాల తల్లీ" అని గాయత్రి చెప్పేది. అక్కడెవరూ టైపు కొట్టేవాళ్లు కాదు. చేతులు మిషన్ మీద ఉంటాయి, నోరే ఖాళీ. అందుకని అంతా వాయిస్ మెసేజీలే. ఆ మాటల వెనక ప్రెషర్ కుక్కర్ విజిళ్లు, పిల్లల ఏడుపులు, అత్తల కేకలు కూడా వినపడేవి. జమ్మలమడుగు, కమలాపురం, తొండూరు, పులివెందుల, ఎక్కడెక్కడి వాళ్లో చేరారు. జమ్మలమడుగు ఖాజాబీ అయితే పొద్దున లేస్తూనే గ్రూపులో ఒక కొంటె మాట విసిరేది, ఇక రోజంతా నవ్వులే.

గాయత్రి రెండే కట్టుబాట్లు పెట్టింది. మగవాళ్లు చేరకూడదు, ఇక్కడి మాట గడప దాటకూడదు. ఒకామె మొగుడు ఆమె ఫోన్లోంచి గుడ్ మార్నింగ్ పువ్వు పంపితే, ఆ నంబరును అప్పటికప్పుడు తీసేసింది. ఆమె వచ్చి బతిమాలితే గానీ మళ్లీ చేర్చుకోలేదు. అంత ఖచ్చితం.

అట్లాంటి గ్రూపు కాబట్టే పులివెందుల ప్రియదర్శిని నోరు విప్పింది. ఆమెది పొలమూ పలుకుబడీ ఉన్న పెద్దిల్లు. ఆ ఇంటి కోడలు తన జాకెట్ తాను కుట్టుకుంటే ముచ్చట. ఊళ్లోవాళ్లకు కుడితే మాత్రం తల కొట్టేసినట్టు. ప్రియదర్శినికేమో కుట్టంటే ప్రాణం. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ తలుపేసుకుని కుట్టేది, పనామె పేరు మీద బయటికి పంపేది. మిషన్ తొక్కుతూ తొక్కుతూ గ్రూపులో వాళ్లత్త గొంతు దింపేది. "ఏమ్మే, తలుపేసుకోని ఏం చేస్తాండావు లోపల? ఆ చప్పుడేంది? ఎలకలా?" అని ఆమె అంటుంటే, అచ్చం ఒక పెద్దావిడ తలుపవతల నిలబడినట్టే ఉండేది. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వేవాళ్లు. గాయత్రికైతే కుడుతూ కుడుతూ అది మళ్లీ మళ్లీ పెట్టుకుని వినడం అలవాటైపోయింది.

ఇంతలో శరత్ చంద్ర దిగాడు. బట్టలంగడి నాగేశ్వరయ్య కొడుకు. బెంగళూరులో ఏదో కంపెనీలో చేసి, ఇక ఇక్కడే స్టార్టప్ పెడతానని వచ్చాడు. వాళ్లమ్మ జాకెట్లు గాయత్రే కుడుతుంది కాబట్టి గ్రూపు సంగతి వాళ్లింట్లో తెలుసు. ఒకరోజు నేరుగా గాయత్రి ఇంటికొచ్చి, గుడ్డముక్కల మధ్య కూర్చుని, "మేడం, మీ దగ్గరున్నది గ్రూపు కాదు. కమ్యూనిటీ. బెంగళూరులో కోట్లు పెట్టినా ఇట్లాంటిది రాదు" అన్నాడు. గాయత్రిని అంతవరకూ ఎవరూ మేడం అనలేదు. "మీరు ఉద్యోగి కాదు, కో-ఫౌండర్" అని కూడా అన్నాడు. ఆమె పొంగిపోయింది. పొంగిపోదా మరి? ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్లు "టైలరమ్మా, అయ్యిందా?" అన్నవాళ్లే గానీ, మీరు పెట్టింది గొప్పదమ్మా అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

అంగడి పైనే ఆఫీసు. మూటల్లాంటి మెత్తటి కుర్చీలు తెప్పించాడు. చీర కట్టుకున్న మనిషి వాటిలో కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యందించాలి. "మన దగ్గర బాసులుండరు. నన్ను శరత్ అనండి చాలు" అనేవాడు. పైన ఇంత సమానత్వం. కింద అంగట్లో నాగేశ్వరయ్య గారి గుమాస్తాలకు కూర్చునే హక్కు లేదు. ఆ సంగతి మాత్రం శరత్ చంద్రకు ఎప్పుడూ తట్టలేదు.

సాయంత్రాలు లాప్‌టాప్ తెర మీద దేశంలోని స్టార్టప్ ఫౌండర్లంతా చేరేవాళ్లు. పని సంస్కృతి గురించి చర్చ. ఆఫీసులోనే పడుకోవాలని ఒకడు, ఆదివారం ఫోన్ ఎత్తని వాణ్ణి తీసెయ్యాలని ఒకడు, ఉద్యోగులంటే కుటుంబమని ఇంకొకడు. పని గురించే ఇంతసేపు మాట్లాడుకునేవాళ్లు పని ఎప్పుడు చేస్తారా అని గాయత్రికి అనుమానమొచ్చేది. అడిగితే బాగుండదని ఊరుకునేది. అట్లా ఊరుకోవడం ఆమెకు అక్కడే మొదలైంది.

యాప్ తయారైంది. ఆడవాళ్లు గొంతుతో ప్రశ్న అడుగుతారు, కుట్టు తెలిసినవాళ్లు జవాబిస్తారు, బట్టలంగళ్లు తమ సరుకు చూపించుకుంటాయి. "పరీక్షించుకోడానికి మంచి వాయిస్‌లు కొన్ని కావాల" అన్నాడు శరత్ చంద్ర.

"ఎవురింటారు బాబూ?"

"మన టీమే. పేర్లు, నంబర్లు అన్నీ తీసేస్తాం. ఎవరిదో ఎవరికీ తెలియదు."

గాయత్రి ఇంటికొచ్చి మనసుపెట్టి ఏరింది. గ్రూపును అడగాలన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. అడిగితే వద్దంటారనీ తెలుసు. కో-ఫౌండర్ అన్న మనిషి ముందు ఉత్త చేతులతో నిలబడటానికి మొహం చెల్లలేదు. ఏరినవాటిలో అన్నిటికంటే ముందు పెట్టింది ప్రియదర్శిని అత్త గొంతు. అది లేకుండా కుట్టు ముచ్చట్లేముంది?

లాంచింగ్ దగ్గరపడింది. స్టేజీ మీద బొమ్మలు చూపిస్తే ఎవరూ చూడరు, నిజమైన యూజర్ల గొంతులు వినిపించమని ఫౌండర్ల గుంపు సలహా ఇచ్చింది. ఊరూ పేరూ తెలియని అంతమంది అవునంటే శరత్ చంద్రా అవునన్నాడు. గాయత్రికి ఆ సంగతి చెప్పలేదు. నాగేశ్వరయ్యకు లాంచింగ్ అంటే కొత్త అంగడి తెరవడమే. కార్డుల మూలలకు పసుపు పూసి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బట్టల వర్తకులకు ఒక్కొక్కరి ఇంటికీ తానే వెళ్లి ఇచ్చి పిలిచాడు. మర్యాద అంటే ఆయనదే. కొడుకు ఎవరి గొంతులు వినిపిస్తాడో తండ్రికి తెలియదు, తండ్రి ఎవరిని పిలిచాడో కొడుకు పట్టించుకోలేదు.

కల్యాణ మండపం నిండిపోయింది. అంతా మగవాళ్లే. పట్టుచీరతో స్టేజీ మీద గాయత్రి ఒక్కతే ఆడమనిషి. శరత్ చంద్ర ఇంగ్లీషూ తెలుగూ కలిపి దంచాడు. "ఇప్పుడు మా కమ్యూనిటీ గొంతు వినండి" అని మీట నొక్కాడు.

"ఏమ్మే, తలుపేసుకోని ఏం చేస్తాండావు లోపల?"

మండపం ఘొల్లున నవ్వింది. అత్త గొంతు అయిపోయి అసలు గొంతు మొదలైంది. "మా యత్తకు నేను కుడతాండానని తెలిస్తే ఈ మిషన్ను బాయిలో యేయిస్తాదక్కా" అని ప్రియదర్శిని నవ్వుతోంది. గాయత్రి పరుగున వెళ్లి, "ఆపు బాబూ, ఆపు" అని శరత్ చంద్ర చెయ్యి పట్టుకుంది. నవ్వులు విని అతను మురిసిపోతున్నాడు. "చూడండి మేడం, ఎంత బాగా కనెక్ట్ అవుతున్నారో" అన్నాడు.

ముందు వరసలో పులివెందుల ఆదినారాయణ ఉన్నాడు. ఆ పెద్దింటికి పెళ్లిబట్టలన్నీ వాళ్లంగట్లోవే. ఇంట్లోకి చీరలు తీసుకెళ్లి, నట్టింట్లో పరిచి చూపించే మనిషి. ఆయనలో కుళ్లు లేదు. తెలిసిన గొంతు దొరికిన సంబరంతో అరిచేశాడు.

"యోవ్, ఇది మా పెద్దింటి చిన్న కోడలు గదప్పా! అత్తను అచ్చం దింపేసిందే!"

పేర్లు తీసేశారు, నంబర్లు తీసేశారు. ఈ ఊళ్లలో గొంతే పేరని బెంగళూరు చదువుకు తెలియదు, సరే. గాయత్రికి తెలుసు గదా! తెలిసీ పంపింది.

ఎవరో ఫోన్లో తీశారు. ఆదినారాయణ ఊరు చేరకముందే ఆ వీడియో పులివెందుల చేరింది. సాయంత్రానికి ప్రియదర్శిని నంబరు గ్రూపులో లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఖాజాబీ ఫోన్ చేసింది. ఎప్పుడూ నవ్వే మనిషి ఆరోజు నవ్వలేదు.

"అక్కా, ఆ పిల్ల నీకు చెప్పుకునింది. నువ్వు మండపంలో మైకు పెట్టి చెప్పినావు. ఇంగ మావి ఏమేం ఇచ్చినావో చెప్పు, మా ఇండ్లల్లో ముందే చెప్పుకుంటాం."

"తప్పయిపోయింది ఖాజాబీ. పేర్లుండవంటే..."

"పేర్లెవురికి కావాలక్కా? నీకు మమ్మల్ని చూపిచ్చుకోవాలనిపిచ్చింది. చూపిచ్చుకున్నావు."

ఆ మాట తర్వాత గ్రూపు ఖాళీ కావడం మొదలైంది. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

గాయత్రి పులివెందుల బస్సెక్కింది. ఆ పెద్దింటి వసారాలో అత్తగారే ఎదురయ్యింది. పేరు చెప్పగానే ఎవరో అర్థమైంది ఆమెకు. కుర్చీ వేయించింది, మంచినీళ్లిప్పించింది.

"మా చిన్నకోడల్ని వాళ్ల పుట్టింటికి పంపిచ్చినాంలేమ్మా. మళ్లా ఎప్పుడొచ్చాదో మగోళ్లు చెప్పాల."

"అమ్మా, తప్పంతా నాది. ఆమెదేం లేదు."

ఆవిడ గ్లాసు అందుకుంది. తర్వాత మెల్లగా అంది. "శానా బాగా మాట్లాడుతాదంట గదా. నా మాదిరే దింపుతాదంట. ఊరంతా ఇన్నారు. ఇంట్లో ఒక్కరోజు గూడ నాతో అట్ల నవ్వలా."

గాయత్రి లేచి నిలబడింది. ఆ ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు లేదు.

తిరిగి రాగానే శరత్ చంద్ర పిలిచాడు. యాప్‌ను మగవాళ్లే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారట, ఆడవాళ్లు రావడం లేదట. "మీరొక వాయిస్ పెట్టండి మేడం. మీరు చెప్తే వింటారు."

"నా మాట ఇంటారనే గదా నన్ను పట్టుకునింది? ఆ మాటే నీ సరుకు బాబూ. అది అమ్మేసినావు. ఇంగ నా దగ్గర లేదు."

ఆ వారమే శరత్ చంద్ర ఫౌండర్ల గుంపులో పెద్ద పోస్టు పెట్టాడు, తప్పటడుగు నుంచి నేర్చుకున్న పాఠాలంటూ. ఎంత నిజాయితీ, ఎంత ధైర్యం అని జనం మెచ్చుకున్నారు. అందులో ప్రియదర్శిని "ఒక యూజర్". పుట్టింటికి పోయిన సంగతి అందులో లేనే లేదు. గాయత్రి పేరుంది, కో-ఫౌండర్ అనే ఉంది. ఆఫీసును ఇప్పుడు బెంగళూరుకు మార్చాడు. మెత్తటి కుర్చీలు అంగడి పైనే ఉన్నాయి, వాటి మీద చీరల మూటలు పెడుతున్నారు.

గాయత్రి జాకెట్లు కుడుతూనే ఉంది. చేతిపని మంచిది కాబట్టి వీధి ఆడవాళ్లు గుడ్డ తెస్తూనే ఉన్నారు. మొన్న వీధి చివరింటి సైదున్నీసా వచ్చింది. కొలతకు నిలబడి, చెయ్యెత్తి, అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. "మా ఆడబిడ్డ వచ్చిందిలే అక్కా, ఇంగ చూడు నా..." అని ఠక్కున ఆగిపోయింది. గది చుట్టూ చూసింది.

"అక్కా, నీ ఫోన్ యాడుంది?"

గాయత్రి టేపు మెడలో వేసుకుని లేచింది. అల్మారా మీది ఫోన్ తీసి, ఆఫ్ చేసి సైదున్నీసాకు చూపించింది. లోపలి గదిలో పెట్టి, తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

"ఆ, చెప్పు. ఆడబిడ్డ ఏమనింది?"

"ఏంలేదులే అక్కా" అంది సైదున్నీసా. "మెడ రవంత పైకి పెట్టు."