మిద్దె ఎక్కినవాడు

మా పదిళ్ళ పెద్ద సెన్యాగ్వాను చూసినవాళ్ళెవరూ ఆయన సిగ్గుతో బతికిన మనిషి అనుకోరు. ఇంటి ముందు గుంజకు పార్టీ జెండా, తలమీద పార్టీ టోపీ, నడకలో దర్జా; పదేసి ఇళ్ళకి ఒక పెద్దను పెట్టేది పార్టీయే మరి. పిల్లాడికి ఉద్యోగం కావాలన్నా, ఆవు తప్పిపోయినా, ఆలుమగలు కొట్టుకున్నా ముందు ఆయన వాకిట్లో కూర్చోవాల్సిందే. మా ఆయన నన్ను కొట్టినప్పుడు పిలిపించి, నలుగురిలో నిలబెట్టి, నాకు తప్పు కింద ఒక కోడిపుంజు ఇప్పించాడు. దాన్ని వండాక సగం పైగా మా ఆయనే తిన్నాడనుకోండి, అది వేరే సంగతి.

పార్టీకి పేరు ఉంది గానీ మేం వాడేవాళ్ళం కాదు. ఇంట్లో ఒక్క ఆవే ఉంటే దాన్ని ఆవు అనే అంటాం కదా. దేశంలో ఉన్న పార్టీ ఒక్కటే, అది మా సెన్యాగ్వా కుర్రతనంలో పుట్టింది. తెల్లదొర జవాన్ల కళ్ళు కప్పి, పార్టీ కార్డులు మొలగుడ్డలో దోపుకుని మా పట్నం డొడోమా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారని మా నాన్న చెప్పేవాడు. ఆ ఊపులోనే డోరికను ఇచ్చి పెళ్ళి చేశారు. డోరిక తల్లి దమారి, మా పిల్లలందరికీ బీబీ, అంటే అవ్వ, "అల్లుడి ఓలి ఆవులు తక్కువైనా నోరు మంచిది" అందట.

స్వాతంత్ర్యం వచ్చి పుష్కరం దాటాక పార్టీకి ఒక ఆలోచన వచ్చింది. మేమంతా పొలాల మధ్య ఎవరి మిద్దె వాళ్ళది, ఎవరి మంద వాళ్ళదిగా చెదిరి బతుకుతున్నాం. అందరినీ రోడ్డు పక్కకు చేర్చి వరసగా ఇళ్ళు కట్టిస్తే నీళ్ళొస్తాయి, బడి వస్తుంది, దేశం బాగుపడుతుంది. ఆలోచన చెడ్డదని నేననను. నేను అక్షరాలు దిద్దింది ఆ బడిలోనే. పార్టీని నాలుగు మాటలు అనడానికి కూడా పార్టీ పెట్టిన బడే దిక్కయింది. కానీ పంట ఇంకా కల్లంలో ఉండగా ఇల్లు వదిలి రమ్మంటే ఎవరొస్తారు? రానివాళ్ళ మిద్దెలకు పైకప్పు తీసేయమని జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. కప్పు లేని ఇంట్లో ఎన్నాళ్ళుంటారులే అని.

పదిళ్ళ పెద్ద తన బంధువులతోనే మొదలుపెట్టాలి, లేకపోతే పక్షపాతం అంటారు. సెన్యాగ్వాకు బంధువుల్లో మొదటి ఇల్లు అత్తగారిది.

మాలో అల్లుడు అత్త ముఖం చూడకూడదు. ఆమె దారిన వస్తుంటే అతను పొదల్లోకి తప్పుకోవాలి. ఆమె గడప తొక్కకూడదు, ఆమెను పలకరించకూడదు. ఏదైనా చెప్పాలంటే పెళ్ళాం చేత చెప్పించాలి. ఇది భయం కాదు, గౌరవం. తన పెళ్ళాన్ని కన్న కడుపుకి ఇచ్చే గౌరవం.

ఆ రోజు లారీ వచ్చి ఆగింది. జిల్లా నుంచి వచ్చిన అధికారి అందరూ ఎక్కేశారని అన్నాడు. అత్త కూడా ఎక్కిందా లేదా అని సెన్యాగ్వాకు అనుమానం వచ్చే ఉంటుంది. ఇంకొకరైతే తలుపు తోసి చూసేవారు, కనీసం ఒక కేక వేసేవారు. అల్లుడు కాబట్టి ఆయన ఆ రెండూ చెయ్యలేకపోయాడు. డోరిక అప్పటికే ముందు లారీలో పిల్లలతో వెళ్ళిపోయింది. ఇంకెవరినైనా అడగొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అంటాను. అడగలేదు. గునపం పట్టుకుని మిద్దె ఎక్కాడు.

నేను లారీలో మూటల మధ్య ఇంకో మూటలా కూర్చుని ఉన్నాను. మట్టి పెళ్ళలు కింద పడుతున్న చప్పుడు, ఆ వెంటనే గునపం ఆగిన నిశ్శబ్దం నాకు గుర్తు. దమారి బీబీ ఇంట్లోనే ఉంది. జొన్న గాదె పక్కన, నడుముకి ఒక్క గుడ్డతో, ఎండకి ఒంటి మీద ఇంకేం లేకుండా కూర్చుని ఉంది. కప్పుకి పడ్డ కంతలోంచి ఎండ సూటిగా ఆమె మీద పడింది. ఆమె తలెత్తింది. పైన అల్లుడు.

అప్పుడు దిగిపోయి ఉంటే ఇదంతా చెప్పాల్సిన పని ఉండేది కాదు. తెలియక చేసిన తప్పుకి మాలో దారి ఉంది. అల్లుడు ఒక మేకను పంపుతాడు, అత్త దాన్ని కోయించి తింటుంది, తప్పు తీరిపోతుంది. కానీ కింద నుంచి అధికారి, "ఏమయ్యా, ఆగిపోయావేం? పొద్దెక్కుతోంది" అన్నాడు. సెన్యాగ్వా ముఖం పక్కకు తిప్పుకుని, లారీలో ఉన్న మా అందరికీ వినబడేలా అన్నాడు.

"నేను కాదత్తా. పార్టీ వచ్చింది."

అని, మళ్ళీ గునపం ఎత్తాడు. కప్పు మొత్తం తీసేదాకా దిగలేదు.

దమారి బీబీ గుడ్డ సర్దుకుని బయటికొచ్చింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లారీ ఎక్కి ఒక మూల కూర్చుంది. లారీలో ఉన్న మగవాళ్ళలో ఒక్కడూ నోరెత్తలేదు. మా నాన్నా అందులోనే ఉన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

కొత్త ఊళ్ళో ఇళ్ళు తాడు పట్టి కొలిచినట్టు వరసగా ఉన్నాయి. ఎవరి పక్కన ఎవరుండాలో జిల్లావాళ్ళు రాసి పంపారు. అల్లుడి ఇంటికి ఎదురుగా అత్తకి ఇల్లిచ్చారు. మర్యాదకి చోటు వదలాలని వాళ్ళకేం తెలుసు? ఊరందరి తగాదాలూ తీర్చే పెద్దమనిషి తన ఇంట్లోంచి దొడ్డిదారిన వచ్చి, దొడ్డిదారిన వెళ్ళేవాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ ఏడాదే మేకను పంపాడు. డోరిక తోలుకెళ్ళింది, డోరికే వెనక్కి తోలుకొచ్చింది. తల్లి చెప్పి పంపిన మాట ఇది: "నా అల్లుడు నాకేం తప్పు చేశాడు? ఆ రోజు వచ్చింది పార్టీ అని ఆయనే కదా చెప్పాడు. పార్టీ మేకను నేనెందుకు తింటాను?"

తరవాత కూడా పంపాడు. ఇంకా బలిసిన మేక, ఇంకోసారి మేకతో పాటు ఒంటికి చుట్టుకునే మంచి గుడ్డ. అన్నీ తిరిగొచ్చాయి. దమారి బీబీ కోపంగా ఏమీ అనేది కాదు. సంకటి వండుకునేది, మనవలకి పెట్టేది, వాకిలి ఊడ్చుకునేది. డోరికకు మాత్రం ఒకసారి తేల్చి చెప్పింది, మేక అక్కర్లేదు, ఎక్కింది నేనే అని ఒక్క మాట పంపమను చాలు అని.

ఆ ఒక్క మాటా ఆయనకు నోరు దాటలేదు. డోరిక నాతో అనేది, "మా ఆయన ఊరందరికీ నీతి చెప్తాడు వదినా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఏం చెప్పను" అని. ఒకసారి నిలదీస్తే, "ఆ ఇంటికి నేనే అంటే మిగతా ఇళ్ళకీ నేనే అనాలి, అందరి మట్టీ నా నెత్తిన పడుతుంది" అన్నాడట. అదీ నిజమే. మా కప్పు తీసింది కూడా ఆయన మనుషులే.

కొన్నేళ్ళకి దేశంలో ఇంకా పార్టీలు పుట్టాయి. మాకూ రంగురంగుల జెండాలు వచ్చాయి. పాత పార్టీ కంగారుపడి పెద్దల్ని పిలిచి మాంసం పులావు పెట్టింది, చేసిన మంచి పనులు కుర్రాళ్ళకి చెప్పమంది. సెన్యాగ్వా లేచి నీళ్ళ గురించి, బడి గురించి చక్కగా మాట్లాడాడు. చివర్లో, ఆ మిద్దెల సంగతి కూడా పార్టీ ఒక మాట అంటే బావుంటుందని గొంతు తగ్గించి అడిగాడు. వేదిక మీదున్న ఆయన నవ్వాడు. అది పార్టీ చెప్పింది కాదని, కింది మనుషులు అత్యుత్సాహంతో చేశారని, పాత సంగతులు వదిలేసి పులావు చల్లారకముందే తినమని అన్నాడు. సెన్యాగ్వా కింది మనిషి. పళ్ళెం ముట్టకుండా ఇంటికొచ్చాడు. అప్పటికైనా రోడ్డు దాటి ఎదురింటికి మాట పంపుతాడనుకున్నాం. పంపలేదు. ఎన్నికల్లో పార్టీయే గెలిచింది, జెండా గుంజ మీదే ఉంది.

కిందటి వానాకాలంలో దమారి బీబీ మంచం పట్టింది. డోరిక రోజూ రెండిళ్ళ మధ్య తిరిగింది. ప్రతిసారీ గుమ్మంలో నిలబడి మొగుడి వైపు చూసేది. ఆయన మేకలున్న వైపు చూసేవాడు. దమారి బీబీ ఒక ఉదయం కన్ను మూసింది.

సమాధి దగ్గర పిడికెడు మట్టి వెయ్యడానికి వరస ఉంటుంది. ముందు పిల్లలు, తరవాత మనవలు, తరవాత అల్లుళ్ళు, చివర్లో ఊరి నాయకులు. డోరిక తమ్ముడు యెరెమియా మైకు పట్టుకుని పిలుస్తున్నాడు. అల్లుళ్ళు రండి అనగానే సెన్యాగ్వా లేచాడు. యెరెమియా మైకు పక్కకు తీసి, ఎంతో మర్యాదగా, "మీరు కూర్చోండి లీడరు గారూ. మీ వరస నాయకులతో ఉంది. అమ్మ అలాగే చెప్పింది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక యెరెమియా ఆయన్ని బావా అని తప్ప పిలవలేదు. మేమంతా నేల చూపులు చూశాం.

చిన్నల్లుడు ఒక్కడే వెళ్ళి మట్టి వేసి వచ్చాడు. నాయకుల వంతు వచ్చాక సెన్యాగ్వా వెళ్ళాడు, మట్టి తీసుకున్నాడు, చేతికి మైకు ఇచ్చారు. పార్టీ తరఫున సంతాపం అని రెండు ముక్కలు చెప్పి పక్కకు రావడం రివాజు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పార్టీ రాలేదు," అన్నాడు. "ఆ రోజు మిద్దె ఎక్కింది నేను. మిమ్మల్ని చూశాక కూడా ఆపనిది నేను. నేనేనత్తా."

మట్టి వేసి, వంగిన నడుముతో వచ్చి డోరిక పక్కన కూర్చున్నాడు. ఆమె ఓదారుస్తుందనుకున్నాడో ఏమో, ఆమె వైపు చూశాడు. నేను వెనకే ఉన్నాను కాబట్టి ఆమె అన్నది నాకు వినబడింది.

"ఈ మాట మోసుకెళ్ళడానికి ఇన్నాళ్ళూ నేను గుమ్మంలోనే నిలబడ్డాను కదయ్యా."