ఆయమ్మ ఇంట్లో మూడు మూటలు

పొద్దున్నుంచే మబ్బు పట్టి ఉంది. నాలుగు రోజులుగా రోడ్డు మీద ఆరబోసిన వడ్లను కుప్ప చేసి, మీద టార్పాలిన్లు కప్పుతున్నాం. ఒక్క వాన పడితే మళ్లీ తేమ ఎక్కుతుంది, మళ్లీ నాలుగు రోజులు ఆరబెట్టాలి. అంచుల మీద రాళ్లు పెడుతుండగా పాలు పోసి వస్తున్న మా పక్కింటాయన బండి ఆపాడు.

"ఆయమ్మ పోయిందట," అన్నాడు. "ఐతారం గదా, చర్చికి పోయే బస్సు కాడికి రాలే. పక్కింటామె పోయి తలుపు కొట్టింది. పండుకున్న కాడనే పోయిందట."

కుప్ప మొత్తం కప్పిన తర్వాతే అందరం కదిలాం. అది తప్పని నేను అనను. వడ్లు తడవనిచ్చి వస్తే ఆయమ్మే తిట్టేది. నాకు కోపం వచ్చింది ఆ తర్వాత జరిగినదానికి. ఆ కోపం ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె బోధన్‌లో ఒక దవాఖానలో కాన్పుల వార్డు ఆయాగా ముప్పై ఏళ్లు పనిచేసింది. అందుకే పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆయమ్మే. ఎడపల్లి దగ్గరి మా ఊళ్లో చివరి వాడలో, నిజాంసాగర్ కాలువ గట్టు కింద రెండు గదుల ఇల్లు. మొగుడు చెరకు లారీల మీద పనిచేస్తూ పోయాడు. ఒక్క కొడుకు నిజామాబాద్‌లో టైర్ల దుకాణంలో ఉంటాడు. ఆదివారం తప్ప ఏ రోజు వెళ్లినా ఆ ఇంటి ముందు పొయ్యి మీద పెద్ద గిన్నె, అందులో ఉడుకుతున్న పాత గుడ్డలు కనిపించేవి.

మా దిక్కు బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసం ఏమీ కొనరు. టోపీ కొనరు, సబ్బు కొనరు. పాత పంచె చింపి మడత పెట్టడం కూడా అపశకునమే అంటారు. నొప్పులు మొదలైతే ఆటో ఎక్కి ఒట్టి చేతులతో దవాఖానకు పోతారు. బిడ్డ బయటికి వచ్చాక మగవాళ్లు బజారు వైపు ఉరుకుతారు. ఆయమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక సంగతి నాకు చెప్పింది, గుడ్డలు కలియబెడుతూ.

"చలికాలం. మంజీర అవతలికెల్లి వచ్చిండ్రు. ఒక్క గుడ్డముక్క లేదు. బిడ్డ బయట వడ్డది. సిస్టరమ్మ బట్ట ఇయ్యమని చెయ్యి చాపుతాంది. తండ్రి ఉరికిండు గని బజారు బందున్నది."

"మరేం జేసినవ్?"

"నా కొంగు చింపిన. డ్యూటీ చీర చింపుతవా అని సిస్టరమ్మ తిట్టింది. సగం చీరతోనే ఆ దినమంత డ్యూటీ చేసిన."

"బిడ్డ?"

"బిడ్డకేమైతది. నా చీర కప్పుకొని దొరసాని తీరు పండుకున్నది."

చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బిడ్డకు గుడ్డ లేకపోవడం లేమి వల్ల కాదు. ఆ ఇంట్లో గుడ్డలు ఉండే ఉంటాయి. తేవడానికి భయం.

ఆ భయానికి ఆయమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఇంట్లో పెట్టుకోవద్దంటే నా ఇంట్లో పెట్టండి, అంది. ఏడో నెల రాగానే కడుపుతో ఉన్నామె ఇంటి నుంచి పాత పంచెలు, చీరలు ఆమెకు చేరతాయి. ఆమె వాటిని సోడాలో ఉడికించి, ఎండలో ఆరేసి, చింపి, కుట్టి ఒక మూట కడుతుంది. నొప్పులు రాగానే ఆ ఇంటివాళ్లు వచ్చి పట్టుకుపోతారు. ఊరు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో చాలా ఏళ్లు నేను ఆలోచించలేదు. దిష్టి తగిలితే మూట ఉన్న ఇంటికి తగులుతుంది కదా. చివరి వాడలోని ఇంటికి. చర్చికి పోయే మనిషికి. మొగుడు లేని మనిషికి. మన గడపకు రాదు. ఊరి లెక్క అది.

గుడ్డల దగ్గర ఆమె ఎవరికీ మొహమాటపడేది కాదు. తెచ్చిన పంచెను తెచ్చినవాళ్ల ముందే చెంపకు ఆనించుకొని చూసేది. గరుకుగా ఉంటే తిరిగి చేతిలో పెట్టేది. "ఇంకో ఏడాది మీ ఆయన్నే కట్టుకోమను, అప్పుడు తే." మా ఆయన పంచె అలా రెండుసార్లు వెనక్కి వచ్చింది. "పదో తరగతిల నేను ఫేలైతే, ఆయమ్మ కాడ నా పంచె ఫేలైంది," అని ఆయన ఊళ్లో చెప్పుకు తిరిగాడు. కొత్త తువ్వాలు తెచ్చిస్తే ఆమెకు కోపం వచ్చేది. "గంజి పోయేదాక ఉతికినవా? పసిపిల్ల తోలు ఉల్లిపొర తీరుంటది. గీరుకపోతది."

మూటలో తల్లికి రెండు మెత్తటి చీరలు, నడుముకు బిగించుకునే పొడుగాటి గుడ్డ ఉండేవి. బిడ్డకు చిన్నా పెద్దా కలిపి ఇరవై గుడ్డలు, చేతితో కుట్టిన బొంత, చెవులు మూసే టోపీ. ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, చెంచా. అన్నిటికంటే పైన, చేతికి ముందు తగిలేటట్టు, ఆధార్ జిరాక్సులు పెట్టిన ప్లాస్టిక్ కవరు. "కాయితం లేకుంటే కౌంటర్ కాడ నిలవెడ్తరు. నొప్పులు నిలవడయి గద," అనేది. కాన్పు అయ్యాక సర్కారు కిట్టు ఇచ్చిన రోజుల్లో పడుచుపిల్లలు, ఇంక నీ మూట ఎందుకు ఆయమ్మా అని నవ్వారు. "అది కన్నంక ఇస్తరు బిడ్డా. కనేటప్పుడు ఏం పరుస్తవ్?" అని అడిగింది. మూటలు ఆగలేదు.

మూట మీద పేరు రాయకూడదు. పేరు రాస్తే నజర్ తగులుతుందని ఇళ్లవాళ్లు గొడవ చేసేవాళ్లు. అందుకని ఆ ఇంటి నుంచి వచ్చిన చీర అంచును చింపి, దానితోనే ముడి వేసేది. పేరు లేకుండానే ఏ మూట ఎవరిదో ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలిసేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మా దగ్గర ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్లెలో వేస్తారు. వాడకట్టు ఆడవాళ్లంతా వస్తారు, పాటలు పాడతారు. తలా ఒకసారి తొట్లె ఊపుతారు. ఆయమ్మను పిలవరు. ఆమె గుడ్డల్లో ఉన్న బిడ్డను ఆమె తప్ప అందరూ ఎత్తుకుంటారు. ఆమెకు మాత్రం ఒక గిన్నెలో అన్నం, కూర, రెండు బూరెలు వెళ్తాయి, కాలువ గట్టు దారిన. మూట తేవడానికి వెళ్లేదీ ఆ దారినే. ఊరి నడుమ నుంచి ఎవరూ వెళ్లరు. "గిన్నె వస్తది గని పిలుపు రాదు," అని ఆమె ఒకసారి అంది. నవ్వుతూనే అంది. ఆ గిన్నెను తోమి, తుడిచి, అడుగున ఇంకో చిన్న టోపీ పెట్టి పంపేది.

నా ఇద్దరు పిల్లలూ ఆమె గుడ్డల్లోనే కళ్లు తెరిచారు. రెండుసార్లూ గిన్నె పంపింది నేనే. ఊరిని తిట్టే ముందు ఈ సంగతి చెప్పాలి.

నా కూతురుకు పెళ్లయి నిజామాబాద్‌లో ఉంటుంది. తొలి కాన్పుకని ఏడో నెలలో తీసుకొచ్చాం. వచ్చిన మర్నాడే అది పట్టపగలు ఊరి నడుమ నుంచి నడిచి ఆయమ్మ ఇంటికి వెళ్లింది. వెనక నేను.

"ఆయమ్మా, ఈసారి గిన్నె రాదు," అంది. "నువ్వే రావాలె. బిడ్డను తొట్లెల నువ్వే ఎయ్యాలె."

ఆయమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు. "మీ నాయనమ్మ ఉంటది గద."

"ఉండని."

"ముందుగాల కను. తర్వాత సూద్దాం."

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇంటికి వచ్చాక మా అత్తమ్మ అంది, "పిలుసుకుంటే పిలుసుకోండ్రి. ఆ దినం నేను మా అన్న ఇంటికి పోత." నేను అవుననలేదు, కాదనలేదు. పిల్ల పుట్టాక చూద్దామని నేనూ అనుకున్నాను. ఆయమ్మ మాట వేరు, నాది తప్పించుకునే మాట.

ఆదివారం మేం వెళ్లేసరికి ఆమెను వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. వాడవాళ్లు, చర్చివాళ్లు చుట్టూ ఉన్నారు. ఊరివాళ్లు రోడ్డు మీదే ఆగారు. వాకిట్లోకి వెళ్లింది నేనొక్కదాన్నే. ఈ వాకిట్లోకి వచ్చి మూట తీసుకుపోని ఇల్లు వాళ్లలో ఒక్కటి కూడా లేదు. కొడుకు పదిన్నరకు వచ్చాడు. మధ్యాహ్నానికి పెట్టె తెచ్చారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు.

పెట్టెలో పరచడానికి దుప్పటి కోసం కొడుకు లోపలికి వెళ్లి, ముందు ఒక చీర పట్టుకొచ్చాడు. ఇస్త్రీ చేసి న్యూస్ పేపర్‌లో చుట్టి ఉంది.

"అక్కా, అమ్మ ఏ పెండ్లికి పోదామనుకున్నది?" అని నన్ను అడిగాడు. "మొన్ననే ఎడపల్లిల ఇస్త్రీ చేయించిందట."

నాకు తెలుసు. అది పెండ్లికి కాదు, తొట్లెకు.

తర్వాత మూడు మూటలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఒకటి ఎర్ర అంచుతో, ఒకటి పచ్చ అంచుతో, ఒకటి నీలం అంచుతో కట్టి ఉన్నాయి. "ఇవి ఎవరియి?" అని రోడ్డు వైపు చూసి అడిగాడు.

ఎవరూ పలకలేదు. పచ్చ అంచు మా అత్తమ్మ చీరది. నీలం అంచు, ఊళ్లో పెద్దమనిషి అనిపించుకునే ఒకాయన భార్యది; వాళ్ల కోడలికి నెలలు నిండాయి. ఆమె అక్కడే ఆయన పక్కన నిలబడి ఉంది. ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"శవం ఉన్న ఇంట్ల ఉన్నయి. పసిపిల్లలకు ఎట్ల వాడ్తరు. ఆమె పెట్టెలనే పెట్టుండ్రి. ఆమె కష్టం ఆమెతోనే పోతది."

ఏదో మర్యాద చేస్తున్నట్టు చెప్పాడు. నలుగురు తలలూపారు. కొడుకుకు ఏం తెలుసు, పాపం. నిజమే అనుకున్నాడు. ముప్పై ఏళ్లు దిష్టి తగిలితే ఆమెకు తగలనీ అని మూటలు ఆ ఇంట్లో పెట్టినవాళ్లు, ఆమె చచ్చిపోగానే ఆ మూటలకు మైల అంటిందని చెప్తున్నారు. ఆమె రెండు నెలలు కూర్చొని కుట్టినదాన్ని మట్టిలో కలపమంటున్నారు.

నేను కూడా ఊరుకున్నాను. ఎంతసేపంటే, అతను ఎర్ర అంచు మూటను పెట్టెలో ఆమె కాళ్ల దగ్గర పెట్టి, పచ్చ అంచుది అందుకునేదాకా.

"ఆగు తమ్మీ," అన్నాను. "అది మాది. నా బిడ్డది. ఆ ఎర్రది గూడ తియ్యి. అవి ఎవరియో గీడున్నోళ్లకు ఎరుకే. తీసుకపోయే ధైర్యం లేకుంటే నేను తీసుకపోత."

రోడ్డు మీద నుంచి ఎవరో, "ఈమెకెందుకు పెత్తనం," అన్నారు. సమాధి మీద మట్టి వేసి వచ్చి, మూడు మూటలూ ఎత్తుకున్నాను. ఒకటి నెత్తి మీద, రెండు చంకల్లో. గట్టు దారిన కాకుండా ఊరి నడుమ నుంచే వచ్చాను. చీర కూడా కొడుకు నా చేతికే ఇచ్చాడు.

మా అత్తమ్మ గడపలో అడ్డం నిలబడింది. "కడుపుతోనున్న పిల్ల ఉన్న ఇంట్లకు సావింటి బట్టలు తెస్తవా? కొట్టంల పెట్టు."

"కొట్టంల పెడితే పేడ వాసన వస్తది నాయనమ్మా," అంది నా కూతురు. నా చేతిలోంచి పచ్చ మూట తీసుకొని, ముడి విప్పి, ఒక గుడ్డను చెంపకు ఆనించుకొని చూసింది. "బాపు పంచె ఇది. పాసైంది," అంది. ఆ తర్వాత చీర విప్పి చూసి, తొట్లె దీనితోనే కట్టాలని చెప్పింది. మా అత్తమ్మ ఈసారి అన్న ఇంటికి పోతానని అనలేదు.

గురువారం ఎర్ర అంచు వాళ్ల అవ్వ మా పెరటి వైపు వచ్చి, దడి దగ్గర నిలబడి మెల్లగా పిలిచింది. "మా మూట ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది. ముందలికెల్లి రా."

"ఎవరన్న సూస్తరు."

"సూడని. ముందలికెల్లి వస్తెనే ఇస్త."

కాసేపు గొణిగింది. చుట్టూ తిరిగి ముందు వాకిలికి వచ్చింది. మూట చంకన పెట్టుకొని, "ఆయమ్మ గిట్ల సతాయించకపోవు," అంటూ వెళ్లింది. నిజమే, ఆయమ్మ ఎవరినీ సతాయించలేదు. అదే ఊరికి అలుసైంది.

నీలం అంచు మూట కోసం ఎవరూ రాలేదు. రెండుసార్లు కబురు పంపాను. ఆ మూట మాకు తెలియదన్నారు. వారం రోజులుగా ఆ ఇంట్లో కొత్త గుడ్డ కొనలేదు, పాత గుడ్డ చింపలేదు. పుట్టకముందు ఇంట్లో పెట్టకూడదు కదా. పెట్టడానికి ఆయమ్మ ఇల్లు ఇప్పుడు లేదు. కోడలు చిన్నపిల్ల. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నా కూతురికి ఇంకా పది రోజులు ఉంది అంటున్నారు.

నిన్న పొద్దున పదింటికి ఆ పెద్దమనిషి ఇంటి ముందు ఆటో ఆగింది. కోడలు నడుము పట్టుకొని ఎక్కింది. అత్త ఎక్కింది. అత్త చేతిలో ఒక నీళ్ల సీసా ఉంది, ఇంకేమీ లేదు. పది గంటల ఐదు నిమిషాలకు ఆటో బోధన్ వైపు వెళ్లింది. నేను నీలం అంచు మూట తీసుకొని పదిన్నర బస్సుకు బోధన్ వెళ్లాను.