పై సగం, కింది సగం

టీచరమ్మ పోయారని నాకు చెప్పింది ఆమె ఇంటివాళ్లు కాదు. ఆబిడ్స్‌లో జిరాక్స్, బైండింగు షాపు నడిపే ఆయన పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికే దహనం కూడా అయిపోయింది. పేపర్లో ఫోటో వేశారు, చూడమన్నాడు. చూశాను. ఆడపిల్లల బడిలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తెలుగు పాఠం చెప్పిన మనిషి అని అందులో ఒక్క ముక్క లేదు. ఆమె అత్తింటి పూర్వీకుల వ్యాపారం గురించి నాలుగు లైన్లు, చివర 'వంశ కీర్తిని కాపాడిన మాతృమూర్తి' అని ఉంది. ఆమెకు పిల్లలు లేరు. వంశ కీర్తి అన్న మాట చెవిన పడితే ఆమె ముఖం ఎలా పెట్టేవారో నాకు తెలుసు. అందుకని ఆ పేపరు చూసి నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆమె ఇంటి మేడ మీద మేము చాలా ఏళ్లు కిరాయికి ఉన్నాం. నేను పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి ఆబిడ్స్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో గుమాస్తాగా చేరినవాణ్ని. గది అడగడానికి నేనూ నా భార్యా వెళ్లిన రోజు, కిరాయి సంగతి తర్వాత, ముందు చేతులు చూపించమన్నారు టీచరమ్మ. చూపించాం.

"గరుకుగున్నయ్. నువ్వు కాయితం ముట్టకు, పక్కన కూసొని ఇను. నీ భార్యది చెయ్యి మంచిగున్నది, ఆమె పట్టుకుంటది" అన్నారు.

ఏ కాగితమో, ఎందుకు పట్టుకోవాలో మాకు తెలియదు. ఆదివారం తెలిసింది. కింద వెనక అర్రలో చెక్కపెట్టె నిండా గుడ్డలో చుట్టిన ఉత్తరాలు. ఆమె భర్త వంశంలో ఒకాయన పద్దెనిమిదో శతాబ్దంలో నీలిమందు వర్తకుడు. వాళ్ల ఊరి దగ్గర నీలి తోటలు, ఆకు నానబెట్టే తొట్లు ఉండేవి. ఆయన బందరులో ఉండి సరుకు ఓడలకు ఎక్కించేవాడు. అక్కడి నుంచి ఊళ్లో ఉన్న తమ్ముడికి రాసిన ఉత్తరాలు అవి. అంతా గొలుసుకట్టు, అంటే కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలిస్తూ పోయే పాతకాలం రాత. టీచరమ్మ దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్లై వచ్చాక, భర్త పోయాక, ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని కూర్చుని నేర్చుకున్నారు.

కాగితాలు సన్నంగా, పొడుగ్గా ఉండేవి. ఒక కొస నా భార్య పట్టుకునేది. రెండో కొస మీద ఇసుక మూటలు పెట్టేవారు. టీచరమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, పూర్తిగా ఆరేదాకా కొంగుకు కూడా తగలకుండా ఎత్తి పట్టుకుని నిలబడేవారు. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయనిచ్చేవారు కాదు. చెమట కాగితం మీద పడుతుందని మెడ చుట్టూ తువ్వాలు కట్టుకునేవారు. టీ ఆ గది గడప దాటేది కాదు.

ప్రతి ఉత్తరంలోనూ పై సగం వ్యాపారం. అది ఆ వర్తకుడి గుమాస్తా రాసింది. కింది సగం ఇంటి సంగతులు, వర్తకుడు సొంతంగా రాసుకున్నవి. చదవడం రానివాడికి కూడా చెయ్యి ఎక్కడ మారిందో తెలిసిపోతుంది. గుమాస్తాది గుండ్రటి రాత. వర్తకుడిది కోళ్లు గెలికినట్టు ఉండేది.

ఒకసారి వ్యాపార చరిత్ర రాస్తున్న పెద్దమనిషి ఒకాయన కారులో వచ్చాడు. పై సగాలకు మాత్రం ఫోటోలు తీసుకున్నాడు. కింది భాగం తనకు అవసరం లేదన్నాడు. తర్వాత అచ్చైన వ్యాసంలో, ధర పెరుగుతుందని తెలిసి కూడా ఒక ఏడు సరుకంతా తొందరపడి అమ్ముకున్నాడని, ఈ వర్తకుడికి ముందుచూపు లేదని రాశాడు. అదే ఉత్తరం కింది సగంలో, చిన్నబిడ్డకు మూర్ఛలు వస్తున్నాయని విన్నాను, ఉన్నది అమ్మేసి బయలుదేరుతున్నాను అని ఉంది. వ్యాసం నాతో చదివించుకుని టీచరమ్మ ఒకటే అన్నారు.

"కిందికి జర తల వంచితే మెడ ఇరుగుతదా ఆయనకు?"

ఆమె ఆ వర్తకుణ్ని వెనకేసుకొచ్చారని ఎవరూ అనుకోవద్దు. ఇంకో ఉత్తరం చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. పై సగంలో, తొట్లలో దిగలేక పారిపోయిన కూలీల ఇండ్లకు గింజలు ఆపమని, దొరికినవాళ్లను కట్టేసి కొట్టమని రాసి ఉంది. కింది సగంలో, బిడ్డకు ఆవుపాలు నీళ్లు కలపకుండా పట్టమని ఉంది. నా భార్య పట్టుకున్న కొస వదిలేసింది. కాగితం చుట్టుకుపోయింది. మా తాతముత్తాతలు ఎవరి తొట్లలో దిగారో, ఎవరి దెబ్బలు తిన్నారో మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు. టీచరమ్మ నా భార్యను తిట్టలేదు. కాగితం సరిచేసి, కొస మళ్లీ ఆమె చేతికి ఇచ్చారు.

"ఈయన మంచోడా చెడ్డోడా అని నన్నడగకున్రి. రెండూ ఒక్క కాయితం మీదనే రాసిండు. మనం ఇడదీయొద్దు."

ఆమె మరిది కొడుకులు ఇద్దరు. పెద్దవాడిది బట్టల వ్యాపారం, చిన్నవాడిది కాచిగూడలో కాంట్రాక్టు పనులు. ఈ ఉత్తరం సంగతి చెబితే పెద్దవాడు, గసొంటియి బయటోళ్ల ముందర చదవకు పెద్దమ్మా, ఇజ్జత్ పోతది అన్నాడు. అంతకుముందు ఆ పెట్టెను వాళ్లెవరూ ముట్టినవాళ్లు కాదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఆ ఇంట్లో ప్రతి వస్తువునూ నడిమికి పంచుకోవడం ఆచారం. ఎవరికీ ఎక్కువ పోకూడదు. వీళ్ల నాన్నకూ టీచరమ్మ భర్తకూ పంపకాలైనప్పుడు టేకు ఉయ్యాల బల్లను రంపంతో కోసి చెరి సగం తీసుకున్నారు. రెండు పీటలైనయ్, ఊగేటోడు లేడు అని టీచరమ్మ నవ్వుతూ చెప్పేవారు. ఉత్తరాల పెట్టెను మాత్రం అప్పుడు ఎవరూ అడగలేదు. చెత్త అన్నారు. అందుకే అది ఆమె దగ్గర మిగిలింది.

మేము దూరంగా సొంత ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాక కూడా ఆదివారాలు మానలేదు. ఆమె పొద్దున ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, ఎక్కువసార్లు ఉత్త చేతులతోనే వచ్చేవారు. ఆ తర్వాత ఉత్తరాలు. విప్పి, మామూలు తెలుగులో రాసి, ఆ రాసినవి జిరాక్స్ షాపాయన దగ్గర బైండు చేయించేవారు. ఆయన చెల్లెలు ఆమె దగ్గర చదువుకుంది. అయినా విప్పనివే ఎక్కువ మిగిలాయి. చూపు మందగించాక ఉత్తరాలన్నీ ఒక గ్రంథాలయానికి ఇచ్చేయాలనుకున్నారు. వాళ్లు హక్కుదారుల సంతకాలు కావాలన్నారు. మరిది కొడుకులు చూద్దాం అన్నారు. ఏడాదికి పైగా చూద్దాం అనే అన్నారు. దవాఖానలో మంచం మీద ఉండి కూడా ఆమె పెద్దవాణ్ని అడిగింది అదే.

"నాకేం చెయ్యొద్దు బిడ్డా. వాటిని ఒక్కతాననే ఉండనియ్యిన్రి."

వాడు తల ఊపాడు. నేను అక్కడే ఉన్నాను.

ఆ తల ఊపడానికి అర్థం పదకొండో రోజు తెలిసింది. భోజనాలయ్యాక పెట్టెను హాల్లోకి తెచ్చారు. పెద్దవాడు ఆబిడ్స్‌లో కొత్తగా పెద్ద షోరూము తెరుస్తున్నాడు. డిజైన్ చేసే మనిషెవరో గోడల మీద పాత కాగితాలు పెడితే తరతరాల వ్యాపారం అన్నట్టు ఉంటుందని చెప్పాడట. దాంతో చెత్త ఆస్తయింది. ఆస్తి అన్నాక పంచాలి. వ్యాపారం రాతలు తనకు, ఇంటి రాతలు తమ్ముడికి అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు, ఔ, గట్లైతే పంచాయితీ ఉండదు అన్నాడు. రెండూ ఒక్క కాగితం మీదే ఉన్నాయి కదా అన్నాను. కోస్తాం అన్నారు. పెట్టె మొత్తం ఒకరు తీసుకోండి, కావాలంటే పారేసినట్టే అనుకుని గ్రంథాలయానికి ఇవ్వండి, ఆమె అడిగింది అదొక్కటే కదా అని చెప్పి చూశాను.

"అన్నా, నువ్వు ఒకప్పుడు కిరాయికున్నోనివి" అన్నాడు పెద్దవాడు. "తిన్నవ్ కదా, మంచిది. గిది మా ఇంటి ముచ్చట."

నా భార్య ఎప్పుడూ నలుగురిలో మాట్లాడదు.

"ఆమె బతికుండంగ ఒక్క ఆదివారమన్న గా అర్రలకొచ్చి కూసున్నరా మీరు?" అని అడిగింది.

చిన్నవాడు పెట్టె మూత వేశాడు. పెద్దవాడు ఆకులు తీయమని పనివాళ్లను కేకేశాడు.

వారం తిరక్కముందే జిరాక్స్ షాపాయన మళ్లీ ఫోన్ చేశాడు.

"సంచి నిండ తెచ్చిన్రు. కటింగ్ మెషీన్ మీద పెట్టుమన్నరు. మెషీన్ ఖరాబైందని చెప్పి పంపిన. ఇంకో షాపుకు పోతరు, ఆపేటోడెవడు?"

ఎవడూ ఆపలేదు. ఎక్కడ కోయాలో వాళ్లకు ఎవరూ చూపించాల్సిన పని కూడా పడలేదు. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు, గుమాస్తా చెయ్యి ఎక్కడ ఆగి వర్తకుడి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో టీచరమ్మే వాళ్లకు వేలు పెట్టి చూపించారు. ఆమె నేర్పిన వాటిలో ఆ ఒక్కటి వాళ్లకు పనికొచ్చింది.

షోరూముకు వెళ్లాను. గోడ నిండా ఫ్రేములు, వాటి మీద లైట్లు. కూలీలను కొట్టమన్నదీ అందులో ఉంది. ఎవరికీ చదవడం రాదు కాబట్టి ఇజ్జత్‌కు ఏమీ కాలేదు. దాని కిందే ఒక కుటుంబం పెళ్లి చీరలు పరిపించుకుని చూస్తోంది.

మొన్న చిన్నవాడు ఫోన్ చేశాడు. తన వాటా ఫ్రేములు కట్టించి కాచిగూడ ఇంట్లో పెట్టాడట. ఏం రాసి ఉందని పిల్లలు అడుగుతున్నారట, వచ్చి చదివి పెట్టమన్నాడు. నాకు వచ్చిన గొలుసుకట్టు బహు కొద్ది. అయినా నేనూ నా భార్యా వెళ్లాం. పిల్లలు సోఫా ఎక్కి నిలబడ్డారు. నేను అద్దానికి దగ్గరగా వెళ్లి మొదటి లైను వెతికాను. ఆ రోజుల్లో కాగితం ప్రియం. గుమాస్తా ఆపిన చోటికీ యజమాని మొదలుపెట్టిన చోటికీ నడుమ గీతంత సందు కూడా వదల్లేదు. మెషీను తిన్నగా కోసింది. గుమాస్తా చివరి లైను అక్షరాలు పై ముక్కతో ఆబిడ్స్‌కు పోయాయి. ఇక్కడ, కాగితం పై అంచు పొడుగునా, అక్షరాలు లేకుండా వాటి కింది వత్తులు మాత్రం వరసగా వేలాడుతున్నాయి.